డెల్ఫా ట్రీస్ ఎంచిన స్ప్రింగులు

డెల్ఫా ట్రీస్ రోజూ పొద్దున్నే ఐదున్నరకల్లా బడి వంటగది తాళం తీసేది. మూడొందల మంది పిల్లలకి రొట్టెలు కాల్చి, సాసేజీ ముక్కలతో గ్రేవీ చేసి, పాల డబ్బాలు ట్రేల్లో సర్ది, బస్సులు వచ్చే లోపల పది నిమిషాలు కూర్చునేది. ఆమె కూర్చోడానికి బడిలో మరమ్మతులు చేసే మనిషి రైలుపట్టా ముక్కలతో ఒక స్టూలు వెల్డింగ్ చేసి పెట్టాడు. మామూలు కుర్చీలు ఆమెకి ఆగేవి కావు.

చూస్తే సన్నటి మనిషి. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఇరవై ఏళ్ళ కిందటి గౌను ఇంకా వదులుగానే ఉండేది. బరువు మాత్రం మూడొందల ఎనభై ఆరు పౌన్లు. ఇంట్లో ఉన్న తూకం మూడొందల దగ్గర ఆగిపోయింది కాబట్టి శుక్రవారం శుక్రవారం హోబర్ట్ విత్తనాల కొట్టుకి వెళ్ళి, దూడల్ని నిలబెట్టే కాటా మీద నిలబడేది. హోబర్ట్ అంకె చదివి చెప్పేవాడు. అంతకుమించి ఏమీ అడిగేవాడు కాదు. మా మిల్లర్డ్ గ్యాప్ ఊళ్ళో ఇలాంటిది కొత్తేమీ కాదు. లోపల మాట ఉండిపోయిన మనిషి బరువెక్కుతాడు. అంతకుముందు ఒక పాస్టరుగారికి ఒక చలికాలమంతా అలాగే ఉంటే, ప్రసంగవేదిక కింద కొత్త దుంగలు వేయించారు. ఆయన ఈస్టరు నాడు భార్యతో ఏదో చెప్పాడట, మర్నాటికి మామూలైపోయాడు. ఆ ఏదో ఏమిటని ఎవరూ ఆరా తియ్యలేదు.

డెల్ఫా బరువు మూడేళ్ళ కిందటిది. అన్నయ్య మీద దిగులని ఊరంతా అనుకున్నారు. అందులో కొంతే నిజం.

అన్నయ్య ఆర్విల్ ట్రీస్ కార్లు పరుగెత్తించేవాడు. ఊరికి ఆరు మైళ్ళ దూరంలో, లోయలో, డ్రాగ్ స్ట్రిప్ ఉంది. మైలులో ఎనిమిదో వంతు పొడుగున్న తిన్నటి బాట, రెండు పక్కలా సిమెంటు గోడలు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చదీపం వెలుగుతుంది, ఆరేడు సెకన్లలో అంతా అయిపోతుంది. ఆ ఆరేడు సెకన్ల కోసం ఆర్విల్ తన డెబ్బై రెండు మోడల్ నోవా కారుని వారమంతా విప్పి బిగించేవాడు. పక్కన డెల్ఫా ఉండేది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, అన్నయ్య ఇంటికి రెండు మలుపుల అవతల చిన్న ఇంట్లో ఉండేది. ఆర్విల్ ఇంజను మనిషి. స్ప్రింగులు మాత్రం చెల్లెలివే. చేత్తో నొక్కి చూసి, ఇది కూర్చుంటుంది, ఇది కూర్చోదు అని చెప్పగలిగేది.

డ్రాగ్ కారుకి ముందు స్ప్రింగులే ప్రాణం. దీపం వెలగ్గానే కారు ముక్కు పైకి లేవాలి. ముక్కు లేస్తేనే బరువు వెనక్కి జరిగి వెనక టైర్లని నేలకేసి నొక్కుతుంది, అప్పుడే టైరు జారకుండా పట్టుకుంటుంది. అందుకని ముందు స్ప్రింగులు పొడుగ్గా, మెత్తగా ఉండాలి. కాని మరీ మెత్తగా ఉంటే ముక్కు లేచింది లేచినట్టే ఉంటుంది, చక్రాలు గాల్లో ఉన్న కారుకి స్టీరింగు ఉండదు, దిగేటప్పుడు మెత్తగా దిగదు.

తొంభై ఐదు సెప్టెంబరులో అన్నాచెల్లెళ్ళిద్దరూ దీని గురించే తగువు పడ్డారు. షెడ్డులో రెండు జతలున్నాయి. పచ్చరంగు పూసినవి కొంచెం గట్టివి, ఎర్రరంగువి మెత్తనివి. ఎర్రవి వేస్తే కారు టైము ఇంకో ఐదో వంతు సెకను తగ్గుతుందని డెల్ఫా. ఉన్న షాకబ్జార్బర్లకి ఎర్రవి వద్దు, ముక్కు ఆకాశానికి లేస్తుందని ఆర్విల్. పచ్చవే ఉంచమని చెప్పి శుక్రవారం మధ్యాహ్నం టైర్లు కొనడానికి పోయాడు. ఆయన తిరిగొచ్చే లోపల డెల్ఫా పచ్చవి తీసి ఎర్రవి వేసేసింది. గెలిచాక చెబుదాం, ఇద్దరం నవ్వుకుందాం అనుకుంది.

శనివారం కారు ముక్కు నిజంగానే ఆకాశానికి లేచింది, లేచి నేలకేసి పడింది. ఆ వెనకే ఆసుపత్రి, ఆ తర్వాత చక్రాల కుర్చీ. నడుం కిందకి ఆర్విల్ కాళ్ళు మళ్ళీ కదల్లేదు.

మూడో రోజు కళ్ళు తెరిచి ఆయన అన్న మొదటి మాట ఇది: "యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశానే డెల్ఫా. ముక్కు గాల్లో ఉండగా భయపడి తీసేశాను. అందుకే పడింది."

డెల్ఫాకి నిజం నోటిదాకా వచ్చింది. కాని ఆయన మొహం చూసి, చెయ్యి పట్టుకుని, "ఫర్వాలేదులే అన్నయ్యా" అంది. ఆ సాయంత్రమే ఆసుపత్రి కుర్చీ కాలు ఆమె కింద వంగిపోయింది.

ఆయన ఆసుపత్రిలో ఉన్న వారంలోనే ఆమె నుజ్జయిన కారులోంచి ఎర్ర స్ప్రింగులు విప్పి, పాత ఇనుం కొట్టులో పడేసింది. చిత్రమేమిటంటే ఆర్విల్ బరువు ఒక్క పౌను కూడా పెరగలేదు. ఆయన తన తప్పు అనుకున్నదాన్ని కనపడ్డవాడికల్లా చెప్పేవాడు. చర్చిలో లేచి, అంటే కుర్చీ ముందుకి తోసుకుని, చెప్పాడు. డబ్బాలో మందులు పోసిచ్చే అమ్మాయికి చెప్పాడు. ప్రతి ఆదివారం డెల్ఫా బీన్సూ మొక్కజొన్న రొట్టే పట్టుకెళ్ళేది, ఆయన తింటూ, తన కుడికాలు కేసి చూస్తూ, మళ్ళీ చెప్పేవాడు. ఆమె వినేది. సోమవారానికి ఒకటి రెండు పౌన్లు పెరిగేది.

మూడేళ్ళ తర్వాత, ఆ వేసవి మొదట్లో, ఆర్విల్ కారుని మళ్ళీ నిలబెట్టాడు. స్నేహితులు కొత్త ముందుభాగం అతికించారు, ఇంజను ఆయనే కుర్చీలో కూర్చుని కట్టాడు. నడిపేది రోండా అన్నాడు. రోండా ఆయన కూతురు, ఇరవయ్యేళ్ళది. తల్లి ఎప్పుడో విడిపోయి ఫ్లారిడా వెళ్ళిపోయింది, పిల్ల తండ్రి దగ్గరే పెరిగింది. పశువుల డాక్టరు దగ్గర పని చేస్తోంది. మాట తక్కువ. కారు పడిన రోజు పదిహేడేళ్ళది, కంచె పక్కన నిలబడి చూసింది.

ఎందుకు అన్నయ్యా ఇప్పుడు, అని డెల్ఫా అడిగింది. ఆర్విల్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కారు మంచిదే, కాలే చెడ్డది. మంచి కాలున్న మనిషి నడిపితే అది తిన్నగా వెళ్ళి తిన్నగా దిగుతుందని ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు, తర్వాత అమ్మేస్తాడు. ఇదంతా చెప్పి, "స్ప్రింగులు నువ్వే ఎంచాలే. నీ మాట ఆ రోజు నేను వినలేదు గాని, నీ చేతికున్న తెలివి నాకు లేదు" అన్నాడు.

డెల్ఫా సరేనంది. ఇంటికెళ్ళే దారిలో వంతెన మీద ఆగి కాసేపు నీళ్ళ కేసి చూస్తూ నిలబడిపోయింది. తన ఊరుకోవడమే ఆ పిల్లని తీసుకొచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టింది. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

స్ప్రింగుల కోసం ఎల్డన్ స్ట్రూప్ దగ్గరికి వెళ్ళాలి. నలభై మైళ్ళు. డెల్ఫా ట్రక్కులో ఇద్దరే వెళ్ళారు, ఆమె, రోండా. స్ట్రూప్‌కి డెబ్బై దాటాయి, జీవితమంతా స్ప్రింగులే. కొట్టు గోడల నిండా కొయ్యలకి వందల స్ప్రింగులు, గాజుల దుకాణంలో గాజుల్లా వేలాడుతుంటాయి. వచ్చినవాడు ఫలానాది ఇమ్మంటే ఇవ్వడు. ముందు ప్రశ్నలు వేస్తాడు. ఇంజను హెడ్లు ఇనుమా, అల్యూమినియమా? ముందు చక్రాల మీద ఎంత బరువు? టైరు వెడల్పెంత? షాకబ్జార్బర్లు కొత్తవా? బాట ఎలా ఉంటుంది, జిగురుగానా, జారుడుగానా? బజారుకి కూడా తీసుకెళ్తారా, పందేనికేనా?

పందేనికే, ఎప్పుడైనా పెట్రోలు బంకుదాకా, అని రోండా చెప్పింది.

నడిపే మనిషి బరువు?

నూట ఇరవై ఏడు, అంది రోండా.

స్ట్రూప్ రాయలేదు. "మనిషి బరువు నోటితో చెప్పేది కాదమ్మా. నాలుగు కాటాలు ఇస్తాను, నాలుగు చక్రాల కిందా పెట్టి, లోపల కూర్చుని తూచుకో. అంకెలు నాకు ఫోన్లో చెప్పు" అన్నాడు. తర్వాత డెల్ఫా వైపు తిరిగాడు. "కిందటిసారి పడినప్పుడు ఏం స్ప్రింగులున్నాయి అందులో? అది తెలిస్తే నాకు సగం పని అయిపోతుంది."

డెల్ఫా తలుపు దగ్గర నిలబడి ఉంది. పచ్చవి, అంది. గట్టివి.

స్ట్రూప్ బుర్ర గోక్కున్నాడు. గట్టి స్ప్రింగులతో కారు అంత పైకి లేవడం తన లెక్కకి అందట్లేదన్నాడు. ఆర్విల్ కాలు తీసేశాడట కదా, అందుకని పడిందనుకో, కాని లేవడం ఎందుకు లేచింది? డెల్ఫా వంగి కాటాలు ఎత్తింది. వాటిని ట్రక్కులోకి ఎక్కించి ఆమె తన సీట్లో కూర్చోగానే ట్రక్కు ఎడమ పక్క కిర్రుమని ఇంకో అంగుళం కిందకి దిగింది. వాకిట్లో నిలబడ్డ స్ట్రూప్ ఆ అంగుళం చూశాడు. రోండా కూడా చూసింది. శుక్రవారం హోబర్ట్ నాలుగొందల పదకొండు అని చదివాడు.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో కారుని కాటాల మీదకి ఎక్కించారు. ఖాళీ కారు మూడు వేల పన్నెండు. రోండా జీన్సు పాంటుతో, ఉత్త చేతులతో లోపల కూర్చుంది. ఆర్విల్ కుర్చీలో వంగి నాలుగు అంకెలూ చదివాడు, డెల్ఫా కాయితం మీద కూడింది. మూడు వేల నూట ఎనభై.

"నూట అరవై ఎనిమిది?" అన్నాడు ఆర్విల్. కాటాలు చెడిపోయుంటాయన్నాడు. రోండాని దిగమని, మళ్ళీ ఎక్కమన్నాడు. నూట అరవై ఎనిమిదే. రెండు పూటలా తింటున్నావేమిటే అని నవ్వేశాడు. పిల్ల నవ్వలేదు. స్టీరింగు చక్రం పట్టుకుని ఎదర గోడకేసి చూస్తోంది. డెల్ఫా ఆ చేతుల్ని చూసింది. పిడికిళ్ళ మీద ఎముకలు తెల్లగా కనిపించాయి.

నలభై ఒక్క పౌన్లు. మాట అంత పెద్దదేం కాదు. కాని తనదీ మొదట్లో అంతే ఉండేది.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ డెల్ఫా మెల్లగా కదిపి చూసింది. ఏమైనా చెప్పాలనుందా అని అడిగింది.

"నువ్వు చెప్తావా అత్తా?" అంది రోండా, పళ్ళెం తుడుస్తూ. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అడిగింది. డెల్ఫా చేతిలో గిన్నె సబ్బునీళ్ళలోకి జారింది. ఇద్దరూ మిగిలిన గిన్నెలు కడిగేశారు.

స్ప్రింగులు ఏ బరువుకి ఎంచాలన్న దాని మీద అన్నాచెల్లెళ్ళకి మళ్ళీ తగువొచ్చింది. పిల్ల నూట ఇరవై ఏడే, అది తనకి తెలుసని ఆర్విల్. కాటా ఏం చెబితే దానికే ఎంచాలని డెల్ఫా. మనిషి బరువు ఎక్కువ పాలు వెనక చక్రాల మీదే పడుతుంది, వెనక బరువెక్కితే ముక్కు ఇంకా తేలిగ్గా లేస్తుంది. తేలికపాటి పిల్లకని మెత్తవి వేశాక ఆ పిల్ల బరువుదని తేలితే ఏమవుతుందో ఆమెకి తెలిసినంత బాగా ఆ షెడ్డులో ఎవరికీ తెలీదు. ఆర్విల్ చివరికి ఒప్పుకున్నాడు. స్ట్రూప్ ఒక మెట్టు గట్టివి పంపించాడు, వాటితో పాటు పైకి లేచే దూకుడుని పట్టి ఆపే కొత్త షాకబ్జార్బర్లు. బిగించడం కష్టం కాలేదు. అలాంటి పొడుగు స్ప్రింగుని నొక్కి లోపల కూర్చోబెట్టడానికి మామూలుగా ఇద్దరు మగాళ్ళు, ఒక బిగింపు మర కావాలి. డెల్ఫా ముందు చక్రం పై మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చుంది, స్ప్రింగు తనంతట తనే సర్దుకుంది.

జులై రెండో శనివారం, మధ్యాహ్నం, స్ట్రిప్‌లో అభ్యాసం. తారు మీంచి వేడి ఆవిర్లు లేస్తున్నాయి. ఆర్విల్ కంచె దగ్గర కుర్చీలో, ఒళ్ళో స్టాపు వాచీ. రోండా హెల్మెట్టు పెట్టుకుని మొదటిసారి సగం దూరమే వెళ్ళి ఆపేసింది, అది ముందే అనుకున్నదే. ముక్కు చిన్నగా లేచి, చిన్నగా దిగింది. ఆర్విల్ కంచె కొట్టి కేకేశాడు. ఆ మొహంలో అంత వెలుగు డెల్ఫా మూడేళ్ళలో చూడలేదు. రెండోసారి పూర్తి దూరం, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి, అన్నాడాయన.

వరసలో కారు ముందుకి జరుగుతోంది. బయల్దేరే గీత దగ్గర డెల్ఫా ప్రతిసారీ వెనక టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య అరచెయ్యి పెట్టి సందు చూసేది. పొద్దున నాలుగు వేళ్ళు పట్టింది. మొదటి పరుగుకి ముందు నాలుగు. ఇప్పుడు వంగి చెయ్యి పెట్టింది. రెండు వేళ్ళే దూరాయి. మళ్ళీ పెట్టి చూసింది. టైర్లలో గాలి సరిగానే ఉంది. సామాను ఏమీ ఎక్కించలేదు. కారులో ఉన్నది ఆ పిల్లొక్కతే.

మారుతూ ఉన్న బరువుకి స్ప్రింగు ఎంచడం ఎవరి వల్లా కాదు. అది ఆమెకి ఆ క్షణంలో తట్టింది. దీపాల స్తంభం మీద మొదటి పసుపు దీపం వెలగబోతోంది. బాట చూసుకునే మనిషి డెల్ఫాని పక్కకి జరగమని చెయ్యూపాడు. ఆమె జరగలేదు. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపేసింది.

అంత మోత తర్వాత ఉన్నట్టుండి నిశ్శబ్దం. రోండా హెల్మెట్టులోంచి చూసింది. కళ్ళు నీళ్ళతో ఉన్నాయి.

"నేను చెప్పలేనత్తా," అంది. "నువ్వు నాన్న మొహం చూశావుగా."

"చూశాను. దిగు. ముందు నేను చెప్తాను."

వేడికి మెత్తబడ్డ తారులో డెల్ఫా చెప్పులు అంగుళం లోతు దిగుతుండగా ఆమె కంచె దాకా నడిచింది. ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, ఎవరూ పూడ్చలేదు. ఆర్విల్ ఏమైందే, ఏమైందే అని అడుగుతున్నాడు. ఆమె ఆయన కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ రోజు నీ కాలు తప్పు కాదన్నయ్యా. నువ్వు టైర్లకి వెళ్ళినప్పుడు నేను పచ్చవి తీసి ఎర్రవి వేశాను. నీకు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు."

ఆర్విల్ కారు మనిషి. ముందు లెక్క వేశాడు. ఎర్ర స్ప్రింగులు, పాత షాకబ్జార్బర్లు, ఆ రోజు బాట జిగురు, ముక్కు లేచిన ఎత్తు. లెక్క సరిపోయినట్టు ఆయన కళ్ళలో కనిపించింది. మూడేళ్ళుగా పొసగనిది మొదటిసారి పొసగింది. కాలు తీసినా తియ్యకపోయినా ఆ కారు పడేదే.

"మూడేళ్ళు," అన్నాడు. అంతే.

అప్పుడు రోండా, హెల్మెట్టు చంకలో పెట్టుకుని, తనకి నడపాలని లేదని చెప్పింది. ఎప్పుడూ లేదు. నదిలో సరుకుల బార్జీలు లాగే పడవ మీద పని ఇస్తామన్నారు, మేలో రమ్మన్నారు, నిన్ను వదిలి వెళ్తానని చెప్పలేక వాళ్ళకి జవాబు రాయలేదు, ఆ కారులో కూర్చున్న ప్రతిసారీ నువ్వు పడిన చప్పుడే వినపడుతుంది నాన్నా, అంది. ఆర్విల్ కూతురి చెయ్యి పట్టుకుని, వెళ్ళు, అన్నాడు. వాళ్ళకి ఇవాళే ఫోను చెయ్యి. చెల్లెలి వైపు చూడలేదు.

కుర్చీ వెనక్కి తిప్పబోయాడు. అది కదల్లేదు. చక్రాలు కంకర్లో ఇరుసుదాకా దిగబడిపోయి ఉన్నాయి. ముగ్గురు మగాళ్ళు పట్టి లాగితేగాని బయటికి రాలేదు. ఏమిటి ఇంత బరువు అని వాళ్ళెవరూ అడగలేదు.

ఆ తర్వాతి శుక్రవారం హోబర్ట్ కాటా అంకె రెండుసార్లు చూసి, నూట ముప్పై ఒకటి, అన్నాడు. డెల్ఫా దిగి రోడ్డు మీదకి వచ్చి ఏడ్చింది. తేలికైన శరీరం ఆమెకి అలవాటు తప్పిపోయింది. మెట్లు ఎక్కితే కాలు అనుకున్నదానికంటే పైకి లేచి తూలిపోయేది. గాలి వేస్తే స్తంభం పట్టుకునేది. ఆదివారం బీన్సూ రొట్టే పట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్తే తలుపు తెరుచుకోలేదు. గిన్నె గుమ్మం దగ్గర పెట్టి వచ్చింది. మరుసటి ఆదివారం వెళ్తే ఆ గిన్నె అక్కడే ఉంది, తిండి ఈగలు ముసిరి పాడైపోయింది. అది తీసి కొత్త గిన్నె పెట్టింది. ఆకులు రాలేదాకా అలాగే నడిచింది.

రోండా ఆగస్టులో నది మీదకి వెళ్ళిపోయింది. నాలుగు వారాలు పడవ మీద, రెండు వారాలు ఇంట్లో. తాళ్ళు విసిరి బార్జీలు కట్టే పని. వచ్చినప్పుడల్లా అత్తని చూసి వెళ్ళేది. ఎండకి నల్లబడి, చేతులు కాయలు కాసి, నూట ఇరవై తొమ్మిది పౌన్లుండేది. నాన్న ఇంట్లో నేల చెక్కలు రెండు విరిగాయని, నీ పేరు ఎత్తితే నాన్న రేడియో పెడతాడని చెప్పింది.

ఆ చలికాలం ఆర్విల్ ఎల్డన్ స్ట్రూప్‌ని పిలిపించి, యాక్సిలరేటరూ బ్రేకూ చేత్తో నొక్కేలా నోవాకి లివర్లు పెట్టించుకున్నాడని ఊళ్ళో అనుకున్నారు. డెల్ఫా కూడా అలాగే విన్నది.

మార్చి ఆఖర్లో ఒక ఆదివారం, మూడు గంటలప్పుడు, డెల్ఫా వాకిట్లోకి నోవా వచ్చి ఆగింది. వెనక భాగం నేలకి రాసుకుంటోంది. స్టీరింగు దగ్గర ఆర్విల్. వెనక ట్రక్కులో స్ట్రూప్, నాలుగు కాటాలూ. స్ట్రూప్ వాటిని దింపి, కారుని వాటి మీదకి ఎక్కించి, తను గేటు బయటికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

"నేనే నడుపుదామనుకుంటున్నాను," అన్నాడు ఆర్విల్, ఎదర అద్దంలోకి చూస్తూ. "స్ప్రింగులు కావాలి. నన్ను తూచు."

డెల్ఫా కింద కూర్చుని నాలుగు అంకెలూ చదివింది. లివర్లతో కలిపి ఖాళీ కారు ఎంతో స్ట్రూప్ రాసిచ్చాడు. తీసేస్తే మూడొందల నలభై నాలుగు. ఆర్విల్ అసలు బరువు నూట అరవై రెండు. ఆమె అంకె చెప్పి, ఈ బరువుకి ఎంచలేను అన్నయ్యా, అంది.

"తెలుసు," అన్నాడు. కొంచెం సేపు లివరు మీద బొటనవేలు రుద్దుతూ కూర్చున్నాడు. తర్వాత మొదలెట్టాడు. గొంతు పెంచలేదు.

"ఈ కాలిని తిట్టానే డెల్ఫా. మూడేళ్ళు. చచ్చిపోయిన కాలిని. పొద్దున లేవగానే దాన్ని చూసి తిట్టేవాణ్ణి. నువ్వు నా పక్కన కూర్చుని, రొట్టె తుంచి నా పళ్ళెంలో పెడుతూ, వింటూ ఉన్నావు. చర్చిలో అందరి ముందూ దేవుణ్ణి క్షమాపణ అడిగాను. నా పక్కనే నిలబడి ఆమెన్ అన్నావు. స్ప్రింగులు మార్చావనుకో, అది వేరు. నేనూ కుర్రతనంలో నాన్నకి చెప్పకుండా ఎన్ని మార్చలేదు. కాని నన్ను ఆ కాలితో ఒంటరిగా వదిలేశావు. నా కూతుర్ని ఆ సీట్లో కూర్చోబెడుతుంటే కూడా కాయితం మీద లెక్కలు కూడావు."

ఇంకా చాలా చెప్పాడు. కొన్ని చెల్లెలితో అనగూడని మాటలు. డెల్ఫా ఏదీ కాదనలేదు, సంజాయిషీ చెప్పలేదు. కాటాల పక్కన మట్టిలో కూర్చుని విన్నది. అంకెలు దిగుతూ వచ్చాయి. మూడొందలు. రెండొందల అరవై. ఇంటి నీడ వాకిట్లోకి పాకింది. రెండొందల పది. గేటు దగ్గర స్ట్రూప్ ఒక సిగరెట్టు ఆర్పి ఇంకోటి వెలిగించాడు. చివరికి ఆర్విల్ గొంతు ఆగింది. మొహం తుడుచుకున్నాడు.

"ఎంత?"

"నూట ఎనభై ఒకటి."

"ఇంకా పందొమ్మిది ఉంది."

"ఉంది."

ఆయన ఆలోచించాడు. వెతికాడు కూడా. "ఇంక చెప్పడానికి మాటలేం లేవే," అన్నాడు. "అది ఉండిపోతుంది కాబోలు."

"ఉండనీ అన్నయ్యా," అంది డెల్ఫా. "దాన్ని కూడా కలుపుకునే ఎంచుతాను."

నూట ఎనభై ఒకటి అని కాయితం మీద రాసి, గేటు దాకా వెళ్ళి స్ట్రూప్ చేతిలో పెట్టింది. తర్వాత ఆయన కొట్టుకి వెళ్ళి, రెండు గంటలు నిలబడి ఒక్కొక్క స్ప్రింగూ చేత్తో నొక్కి చూసి ఒక జత ఎంచింది. పచ్చవాటికంటే కాస్త మెత్తవి, ఎర్రవాటికంటే బాగా గట్టివి. బిగించడానికి ఇప్పుడు ఆమె బరువు చాల్లేదు, ఇద్దరు మగాళ్ళనీ మరనీ తెచ్చుకోవాల్సొచ్చింది. ఏవి వేస్తోందో, ఏ రంగు గుర్తున్నవో, ఆర్విల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ ఆయన చేతికిచ్చి చూపించి మరీ వేసింది.

ఏప్రిల్ మూడో శనివారం పచ్చదీపం వెలిగింది. నోవా ముక్కు లేచింది. జానెడు లేచి, కంచె దగ్గర నిలబడ్డ వాళ్ళంతా ఊపిరి బిగబట్టినంత సేపు అలా ఉండి, తిన్నగా దిగింది. చప్పుడు కూడా రాలేదు. ఆరు పాయింటు తొంభై సెకన్లు. పక్క కారే గెలిచింది.

ఆర్విల్ తిరుగుదారిలో మెల్లగా వచ్చి చెల్లెలి పక్కన ఆపాడు. హెల్మెట్టు తీశాడు. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. ఆమె కేసి కాకుండా ముందు చక్రం కేసి చూస్తూ, ఎప్పుడూ పందెం అయ్యాక చిరాగ్గా మాట్లాడే పాత గొంతుతో అన్నాడు:

"ఎడమది కొంచెం గట్టిగా ఉందే. చూడు."

డెల్ఫా కారు పక్కన వంగి ఎడమ స్ప్రింగు మీద చెయ్యి పెట్టింది. ఇంకా వేడిగా ఉంది. నిజమే, ఒక పిసరు గట్టిగా ఉంది.